స్వర్ణముఖిలో వదిలేస్తే సముద్రం చూసుకుంటుందా?

తిరుపతి, చిత్తూరు గ్రూపుల్లో ఈమధ్య ఒక పొడుగాటి మెసేజ్ తెగ తిరుగుతోంది. కాలనీ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, ఆఖరికి భజన మండలి గ్రూపులో కూడా. రాసిందెవరో తెలీదు. దాని సారాంశం ఇది:

"మురుగు శుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు) శుద్ధ దండగ. మన ఊరికీ సముద్రానికీ సంబంధమే లేదు. ఒకవేళ పోయి కలిసినా అంత సముద్రానికి మన మురుగు ఓ లెక్కా? ఉప్పునీళ్లలో క్రిములు బతకవు. కెనడాలో విక్టోరియా అనే నగరం వందేళ్లకు పైగా మురుగును సముద్రంలోకే వదిలింది, ఏమీ కాలేదు. నీళ్లు పాడుచేసేది ఫ్యాక్టరీలే, ఇళ్లు కాదు. ఎస్టీపీలోంచి బయటికొచ్చేవి కూడా నల్లనీళ్లే. తీరంలో ఉన్న ఊళ్లు పైపు వేసి సముద్రంలోకి, మనలాంటి ఊళ్లు ఏట్లోకి వదిలేస్తే సరి. మిగతాదంతా కమీషన్ల కోసం."

అంతా అబద్ధమైతే ఇంతమంది నమ్మరు. అక్కడక్కడా నిజం కలిపారు కాబట్టే చదివినవాళ్లు తల ఊపుతున్నారు. ఒక్కో మాటే తీసుకుందాం.

"మన ఊరికీ సముద్రానికీ సంబంధం లేదు"

స్వర్ణముఖి చంద్రగిరి వైపు కొండల్లో పుడుతుంది. తొండవాడ దగ్గర భీమా, కల్యాణి వచ్చి కలుస్తాయి. అక్కడి నుంచి తిరుపతి అంచు తాకుతూ శ్రీకాళహస్తి గుడిని ఆనుకొని, నాయుడుపేట మీదుగా బంగాళాఖాతంలోకి పోతుంది. మొత్తం కలిపి 130 కిలోమీటర్ల ఏరు. చిత్తూరువాళ్లకు నీవా ఉంది. నీవా పోయి పొన్నైలో, పొన్నై పోయి పాలారులో కలుస్తుంది, పాలారు తమిళనాడులో కల్పాక్కం పక్కన వయలూరు దగ్గర సముద్రం చేరుతుంది. అంటే చిత్తూరు మురుగుకు రాష్ట్రం సరిహద్దు కూడా అడ్డు కాదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు సూళ్లూరుపేట, తడ, పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కాగితం మీద మనకు సముద్రం వచ్చింది అప్పుడే. మన మురుగు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ దారి పట్టింది.

దీనికి ఒక మంచి ఎదురుప్రశ్న ఉంది. "ఏడాదిలో ఎక్కువ నెలలు స్వర్ణముఖిలో చుక్క నీళ్లుండవు. ఇంక మురుగు సముద్రం దాకా ఎట్లా పోతుంది?" అని. నిజమే, పోదు. ఎండాకాలం తిరుపతిలో కాలువలోంచి ఏట్లోకి దిగిన మురుగు కొద్ది దూరం పారి ఇసుకలోకి ఇంకిపోతుంది. ఊరికి ముప్పు మొదలయ్యేది అక్కడే.

మురుగు వంక ఏట్లో కలిసేచోట ఎండాకాలం ఒకసారి దిగి చూడండి. పైన ఇసుక తెల్లగానే ఉంటుంది. చేత్తో నాలుగు వేళ్ల లోతు తీస్తే బూడిద రంగు, ఇంకాస్త తీస్తే తారులాంటి నలుపు, వెంటనే కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆక్సిజన్ అయిపోయిన చోట బతికే బ్యాక్టీరియా చేసే పని అది. నీళ్లలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి, అది ఇసుకలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఇసుక మంచి వడపోత అని మన పెద్దలకు తెలుసు. చెలమ తీసి తాగింది ఆ నమ్మకంతోనే. అప్పుడు పైనుంచి వచ్చేవి వాన నీళ్లు, ఇప్పుడు వస్తున్నది మురుగు. ఇసుక మలినాన్ని కొంత పట్టి ఉంచుతుంది. మురుగులోని నత్రజని మాత్రం గాలి తగిలేచోట నైట్రేటుగా మారి నీళ్లతో పాటు కిందికి జారిపోతుంది. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండకూడదని మన ప్రమాణం. ఏటి ఒడ్డు బోర్లకు నీళ్లిచ్చేది ఈ ఇసుకే.

ఇక మిగిలిన నల్లబురద, ప్లాస్టిక్కు, పేరుకున్న చెత్త అక్కడే కాచుకొని ఉంటాయి. 2021 నవంబర్‌లో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు గుర్తు చేయక్కర్లేదు. తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించారు, స్వర్ణముఖి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఏట్లో దాచిందంతా అలాంటి వరదలో రెండు రోజుల్లో సముద్రం వైపు కొట్టుకుపోతుంది. సంబంధం లేదనుకున్న సముద్రానికి మనం విడతలుగా కాకుండా ఒక్కసారిగా చెల్లిస్తున్నాం, అంతే తేడా.

"అంత సముద్రానికి మన మురుగు ఓ లెక్కా?"

లెక్కే కదా, వేద్దాం. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలనేది ప్రభుత్వ కొలమానం, వాడిన నీళ్లలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని అంచనా. అంటే తలకు 108 లీటర్లు. ఊరికి రోజుకు 3.1 కోట్ల లీటర్లు. ఇందులో యాత్రికులు లేరు, 2011 తర్వాత పెరిగిన కాలనీలు లేవు.

మురుగు ఎంత ఘాటుగా ఉందో బీఓడీతో కొలుస్తారు. అందులోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటుందన్నదే ఆ కొలత. మామూలు ఇళ్ల మురుగులో లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. 250 అనుకుందాం. మన తీరంలోని వెచ్చటి ఉప్పునీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు ఆరు మిల్లీగ్రాములకు అటూ ఇటూ. చేప ఇబ్బంది పడకుండా బతకాలంటే నాలుగు ఉండాలి. కాబట్టి సముద్రం మనకు ధారపోయగలిగింది లీటరుకు రెండు మిల్లీగ్రాములే. 250ని రెండుతో భాగించండి. ఒక లీటరు మురుగుకు 125 లీటర్ల మంచి సముద్రపు నీళ్లు కావాలి. తిరుపతి మురుగుకైతే రోజుకు 387 కోట్ల లీటర్లు. పులికాట్ లాంటి సగటున మీటరు లోతుండే నీళ్లలో ఇది దగ్గరదగ్గర నాలుగు చదరపు కిలోమీటర్లు. అదీ ఒక్క రోజుకు, ఒక్క ఊరికి.

బంగాళాఖాతం ముందు ఇదీ చిన్నదే అంటారా? చిన్నదే, అంత నీటితోనూ నిజంగా కలిస్తే. చిక్కల్లా కలవకపోవడంలోనే ఉంది. మురుగు మంచినీళ్లతో చేసినది, ఉప్పునీటికంటే తేలిక. తేలి పైన పరుచుకుంటుంది, తీరం వెంబడే నడుస్తుంది. పైగా మన సముద్రానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీళ్లు పైన ఒక పొరలా ఉండిపోయి, పైనీళ్లూ కిందినీళ్లూ సరిగ్గా కలవనివ్వవు. అందుకే బంగాళాఖాతంలో కొంత లోతుకు పోతే ఆక్సిజన్ ఎప్పుడూ కొరతే. ఇచ్చుకోవడానికి మిగులు లేనివాడి దగ్గర అప్పు అడుగుతున్నాం.

ఇంకోటి. మన తీరం ఇసుకను ఉత్తరం వైపు మోసుకుపోతూ ఉంటుంది. నదిలో ప్రవాహం లేకపోతే ఆ ఇసుక వచ్చి నది సముద్రంలో కలిసే మొగను మూసేస్తుంది. చెన్నైలో కూవం నది చూసినవాళ్లకు ఇది వివరించాల్సిన పని లేదు. మొగ దగ్గర ఇసుకమేట, వెనక కదలని మురుగు. పులికాట్‌కు సముద్రం నీళ్లొచ్చే రాయదొరువు మొగ కూడా ఇసుకతో పూడిపోతుంటే మత్స్యకారులు తవ్వించమని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. "సముద్రం చూసుకుంటుంది" అనే పెద్దమనిషి ముందు ఆ సముద్రం దాకా నీళ్లు పోయే దారి ఉందో లేదో చూడాలి.

"ఉప్పునీళ్లలో క్రిములు బతకవు"

సగం నిజం. మలంలో ఉండే ఈ-కోలి బ్యాక్టీరియాను ఉప్పు, ఎండ కలిసి బాగానే చంపుతాయి. మధ్యాహ్నం ఎండలో కొన్ని గంటల్లోనే చాలావరకు పోతాయి. రాత్రి వదిలితే, నీళ్లు బురదగా ఉంటే, ఎండ లోపలికి దిగదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ లాంటి వైరస్‌లైతే సముద్రపు నీళ్లలో రోజులు, వారాలు కూడా నిలుస్తాయి.

ఇక కలరా బ్యాక్టీరియా ఉప్పు తగిలితే చచ్చే రకం కాదు. నదీ ముఖాలు, ఉప్పుకయ్యలు దాని సొంత ఊరు. నీళ్లలో ఉండే కంటికి ఆనని చిన్న ప్రాణుల మీద అంటుకొని బతుకుతుంది. 1992లో ఓ139 అనే కొత్త రకం కలరా బయటపడిందీ బంగాళాఖాతం తీరంలోనే, మొదట మద్రాసులో. ఆల్చిప్పలు తిండి కోసం రోజుకు పదుల లీటర్ల నీళ్లు వడకడతాయి, ఆ నీళ్లలో ఉన్న క్రిములు వాటి ఒంట్లో పోగవుతాయి. అందుకే మురుగు కలిసే చోట ఆల్చిప్పలు ఏరడాన్ని చాలా దేశాలు నిషేధిస్తాయి.

"విక్టోరియాను చూడండి"

ఈ ముక్క రాసినవాళ్లు సగం చదివి ఆపేసినట్టున్నారు.

విక్టోరియా మురుగును సముద్రంలోకి వదిలిన మాట నిజం. చెత్తను జల్లెడతో తీసేసి, ఒడ్డు నుంచి కిలోమీటరుకు పైగా లోపలికి, దాదాపు 60 మీటర్ల లోతున వదిలేది. అక్కడి నీళ్లు చల్లన, కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ. ఆటుపోట్ల వేగం ఎక్కువ కాబట్టి మురుగు ఇట్టే చెదిరిపోతుంది. ఒడ్డున శుద్ధి కేంద్రం అక్కర్లేదని కొందరు సముద్ర శాస్త్రవేత్తలు వాదించిన మాట కూడా నిజమే. ఆ వాదనను నేను తీసిపారేయను, వాళ్ల సముద్రం గురించి వాళ్లు కొలిచి చెప్పారు. ఆ లోతు, ఆ చలి, ఆ ప్రవాహం మీటరు లోతు పులికాట్‌లో ఏది?

మెసేజ్‌లో లేని మిగతా కథ ఇంకా ఉంది. పైపుల మొన దగ్గర సముద్రం అడుగున మట్టి కలుషితమైందని తేలింది. చుట్టుపక్కల ఆల్చిప్పలు ఏరడం నిషేధించారు. ఎదుటి ఒడ్డున ఉన్న అమెరికావాళ్లు గొడవ చేశారు. ఒకాయన మలం ముద్ద వేషం కట్టుకొని ఏళ్లపాటు ఊరంతా తిరిగి పరువు తీశాడు. అబద్ధం కాదు, కెనడా పత్రికల నిండా ఆ ఫొటోలే. చివరికి 2006లో అక్కడి రాష్ట్ర పర్యావరణ మంత్రి శుద్ధికి ప్రణాళిక పెట్టమని ఆదేశించాడు. కుదరదు, ఖర్చు, స్థలం లేదు అంటూ మరో పద్నాలుగేళ్లు లాగారు. 2020 చివర్లో రోజుకు 10.8 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం నడవడం మొదలైంది. మొత్తం ప్రాజెక్టు ఖర్చు 77.5 కోట్ల కెనడా డాలర్లు.

"ఏమీ కాలేదు" అన్న ఊరు అంత డబ్బు ఊరికే పెట్టిందా? వాయిదా వేసినకొద్దీ ఖర్చు తగ్గలేదన్నదే ఆ ఊరి నుంచి మనం తెచ్చుకోవాల్సిన లెక్క.

"ఫ్యాక్టరీలే పాడు చేస్తాయి"

ఫ్యాక్టరీలను వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. చిత్తూరు నీళ్లు పోయి కలిసే పాలారు పరీవాహకంలోనే వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల శుద్ధి కర్మాగారాలు భూమినీ నీటినీ ఏం చేశాయో 1996లో సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. పాడుచేసినవాడే పరిహారం కట్టాలన్న సూత్రాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పు అది.

అయినంత మాత్రాన ఇళ్లు నిర్దోషులు కావు. ఒక మనిషి ఒంట్లోంచి ఏడాదికి సుమారు నాలుగు కిలోల నత్రజని బయటికి పోతుంది, ఎక్కువ భాగం మూత్రంలోనే. పొలంలో యూరియా చేసే పనే తీరపు నీళ్లలో అదీ చేస్తుంది. నాచు విరగ్గాస్తుంది, చచ్చి కుళ్లేటప్పుడు ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది. దీనికి ఏ ఫ్యాక్టరీ అక్కర్లేదు.

"ఎస్టీపీలోంచి వచ్చేవీ నల్లనీళ్లే"

మెసేజ్ మొత్తంలో నాకు కాస్త గౌరవం కలిగింది ఈ మాట మీదే. ఎందుకంటే చాలా ఊళ్లలో ఇది కళ్లముందు నిజం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలో పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు. శుద్ధి చేయడానికి కట్టిన సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,235. కట్టింది సగంకంటే తక్కువ, నడిపేది అందులోనూ మూడింట రెండొంతులు.

దీన్నిబట్టి శుద్ధి అనేది బూటకం అనడం మాత్రం పొరపాటు. బాగా నడిచే కేంద్రంలో ఏం జరుగుతుందో ఒక్కసారి చూస్తే చాలు. ముందు కమ్మీల జల్లెడ దగ్గర గుడ్డలు, షాంపూ ప్యాకెట్లు, వెంట్రుకల ముద్దలు ఆగుతాయి. తర్వాత తొట్టిలో ఇసుక దిగుతుంది. ఆ పైన గాలి ట్యాంకు. బ్లోయర్లు కిందనుంచి గాలి ఊదుతుంటే నీళ్లు టీ డికాక్షన్ రంగులో కుతకుతలాడుతుంటాయి. కంపు కొట్టదు, తడిమట్టి వాసన వస్తుంది. ఆపరేటరు అందులోంచి ఒక లీటరు గాజు కొలజాడీలో పట్టి అరగంట కదపకుండా పెడతాడు. మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ తెలీదు. తర్వాత గోధుమరంగు తుంపులు ఒకదానికొకటి అతుక్కొని, మంచు దిగినట్టు కిందికి జారతాయి. అరగంటకు జాడీలో కింద రెండు, మూడు వందల మిల్లీలీటర్ల బురద, పైన తేటనీళ్లు. జాడీ వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. ఆ బురదంతా బ్యాక్టీరియానే. మురుగును తిని బరువెక్కి మునిగింది. 1914లో మాంచెస్టర్‌లో కనిపెట్టిన పద్ధతి ఇది. నూరేళ్లు దాటినా ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ ఊళ్లు దీని మీదే, దీని పిల్లల మీదే ఆధారపడ్డాయి.

అదే జాడీలో బురద దిగకపోతేనో, నల్లగా మారి పైకి తేలితేనో ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. బ్లోయరు ఆపేశారు, కరెంటు బిల్లు మిగిల్చారు. లేదా పేరుకున్న బురదను బయటికి తీయలేదు. గాలి ఆగితే కొన్ని గంటల్లోనే ఆ బ్యాక్టీరియాకు ఊపిరాడదు. నల్లనీళ్లు వచ్చేది అప్పుడు. అది పద్ధతి తప్పు కాదు, నడిపే తీరు తప్పు.

2017 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మనలాంటి ఊళ్లలో శుద్ధి చేసిన నీటి బీఓడీ 30 దాటకూడదు. ఇందాకటి లెక్కలో 250 బదులు 30 పెట్టండి. లీటరుకు 125 లీటర్ల సముద్రం కావాల్సిన చోట 15 చాలు.

"పైపు వేసి వదిలేస్తే సరి, మిగతాది కమీషన్లు"

పైపులు వేసిన ఊరు మన దేశంలోనే ఉంది. ముంబైలో వర్లీ, బాంద్రాల నుంచి మూడు కిలోమీటర్లకు పైగా సముద్రంలోకి సొరంగాలు తవ్వి, పైపైన వడకట్టిన మురుగును వదిలారు. ఇప్పుడు అదే ముంబై రోజుకు 2,464 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో ఏడు శుద్ధి కేంద్రాలు కడుతోంది. అమెరికాలో బోస్టన్ కూడా 2000లో సముద్రం కింద 15 కిలోమీటర్ల సొరంగం తెరిచింది. అయితే అందులో పోయేది డీర్ ఐలండ్‌లో శుద్ధి అయిన నీళ్లు. పైపు శుద్ధి తర్వాతి మాట, శుద్ధికి బదులు కాదు. తిరుపతి నుంచి తీరానికైతే నేరుగా కొలిచినా సుమారు 80 కిలోమీటర్లు. మనకు పైపు లేదు, ఉన్నది ఏరే. అందులో ఒక లీటరు మురుగుకు 125 లీటర్లు కాదు కదా, ఒక్క లీటరు మంచినీళ్లు కూడా ఉండవు చాలా నెలలు. తీరంలోని ఊరికంటే మనకే శుద్ధి ఎక్కువ అవసరం. సముద్రం తర్వాత, ముందు దెబ్బ తినేది మన బోర్లే.

డబ్బు దండగ అన్నదానికి చెన్నై జవాబు చెబుతుంది. మన కండలేరు నుంచి కాలువ పట్టి కృష్ణా నీళ్లు తీసుకుపోయే ఊరది. నీటి విలువ ఎండాకాలాల్లో నేర్చుకుంది. 2019లో కొడుంగయ్యూరు, కోయంబేడుల్లో రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున మురుగును ఆర్‌ఓ దాకా శుద్ధి చేసే కేంద్రాలు పెట్టి, ఆ నీళ్లను మణలి, శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలకు అమ్ముతోంది. మణలిలో ఫ్యాక్టరీలు మురుగునీళ్లు కొనుక్కొని శుద్ధి చేసి వాడుకోవడం 1990ల నుంచే ఉంది. తిరుపతి కూడా తెలుగుగంగ నీళ్లే తాగుతోంది. శ్రీశైలం నుంచి అంత దూరం మోసుకొచ్చిన నీళ్లను ఒక్కసారి వాడి ఇసుకలో పారబోస్తున్నాం. రేణిగుంట, ఏర్పేడు వైపు ఫ్యాక్టరీలు మాత్రం మంచినీళ్ల కోసం చూస్తుంటాయి.

కమీషన్ల సంగతి. ఎవరో తిని ఉండొచ్చు, తినలేదని పూచీ పడటానికి నేనెవర్ని? ఆ అనుమానం ఉన్నవాళ్లు మెసేజ్ ఫార్వర్డ్ చేసే బదులు కార్పొరేషన్‌కు ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు పది రూపాయలు. తిరుపతి మురుగును శుద్ధి చేసే తూకివాకం కేంద్రంలోకి గత ఏడాది నెలనెలా వచ్చిన మురుగు ఎంత, లోపలికి వచ్చేటప్పుడు బీఓడీ ఎంత, బయటికి పోయేటప్పుడు ఎంత, బ్లోయర్లు రోజుకు ఎన్ని గంటలు తిరిగాయి, తీసిన బురద ఎక్కడికి పంపారు, శుద్ధి చేసిన నీళ్లు ఎవరికి ఇచ్చారు. చిత్తూరువాళ్లయితే ఇదే ప్రశ్న నీవాలో కలిసే కాలువల గురించి అడగాలి.